వీల్‌చైర్‌కి గుడ్డ కవర్లు కుట్టుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను తెనాలిలో ఉంటాను. పదకొండేళ్ళ క్రితం రోడ్డు ప్రమాదంలో వెన్నెముక దెబ్బతింది. అప్పటి నుంచి వీల్‌చైర్‌లోనే తిరుగుతున్నాను. తొమ్మిదేళ్ళుగా నా కుర్చీకి కవర్లు నేనే కుట్టుకుంటున్నాను, అడిగినవాళ్ళకీ కుట్టి ఇస్తున్నాను. ఫిజియోథెరపీ దగ్గర, పెళ్ళిళ్ళలో, ఫోన్‌లో నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి. అక్కడ పొరపాటు జరిగితే పాడయ్యేది గుడ్డ కాదు, ఒళ్ళు. అందుకే అంత రాశాను.

రెక్సిన్ కుర్చీ బాగానే ఉంది కదా, కవర్ ఎందుకు?

నా మొదటి కుర్చీ నల్ల రెక్సిన్‌ది. ఆస్పత్రి వరండాలో అలాంటివే ఇంకో పది ఉండేవి. ఇంటికి తెచ్చుకున్నాక కూడా అది ఆస్పత్రి సామానులాగే కనిపించేది. రెండో ఏడు అమ్మ తన పాత మంగళగిరి చీర ఒకటి చిరిగిందని పక్కన పెట్టింది. ముదురాకుపచ్చ రంగు, సన్నటి జరీ అంచు. దాన్ని కుర్చీ వెనక భాగానికి కుట్టాను. ఆ వారమే బ్యాంకులో ఒకావిడ నన్ను ఆపి, "ఈ అంచు మంగళగిరిదేనా అండీ?" అని అడిగింది. అంతకు ముందు కొత్తవాళ్ళు నన్ను అడిగే మొదటి మాట ఎప్పుడూ "ఏమైందమ్మా?" అనే. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఇంకో కారణం మన ఎండలు. మే నెలలో రెక్సిన్‌కి వీపు అంటుకుపోతుంది, చెమట ఆరదు. మధ్యలో నూలు గుడ్డ ఉంటే చెమట పీల్చుకుంటుంది. ఎండలో నిలిపిన కుర్చీ ఆర్మ్‌రెస్ట్ మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది, దానికీ గుడ్డే మందు.

ఇది మన దగ్గరే ఉన్న కోరిక కాదు. ఐర్లాండ్‌లో ఆల్వ కీన్ అనే అమ్మాయి, వీల్‌చైర్ వాడే తన చెల్లి ఇజ్జీ కోసం చక్రాలకి రంగురంగుల కవర్లు తయారు చేసింది. 2016లో ఆ అక్కచెల్లెళ్ళు దాన్ని వ్యాపారంగా మొదలుపెట్టారు. వాళ్ళవి గట్టి పలక మీద అచ్చు వేసినవి. మనం చేసేది గుడ్డతో.

మా అత్తగారికి తెలియకుండా కుట్టి సర్‌ప్రైజ్ ఇవ్వాలనుకుంటున్నాను. ఏ రంగు బాగుంటుంది?

సర్‌ప్రైజ్ వద్దు. ఆవిడనే అడగండి.

ఈ ఒక్క విషయంలో నేను గట్టిగానే చెబుతాను. కుర్చీ ఆవిడ ఒంటికి కొనసాగింపు. ఒకరి ఒంటి మీద గుడ్డ వాళ్ళని అడక్కుండా మార్చం. నాలుగు గుడ్డ ముక్కలు తీసుకెళ్ళి ఆవిడ ఒళ్ళో పెట్టండి, చేత్తో తడిమి చూడనివ్వండి. మాట సరిగా రానివాళ్ళయినా ముక్కని పట్టుకునే తీరులోనే ఇష్టం తెలిసిపోతుంది. "నాకేం వద్దు, నల్లదే బాగుంది" అంటే అదీ ఒక ఎంపికే. ఆ మాటని గౌరవించండి. కొలతలు తీసేటప్పుడు కూడా "అత్తయ్యా, వెనక కొలవనా?" అని అడిగాకే కుర్చీ మీద చెయ్యి వేయండి.

కుర్చీలో ఎక్కడ గుడ్డ వేయొచ్చు, ఎక్కడ వేయకూడదు?

వెనక ఆనుకునే భాగం, ఆర్మ్‌రెస్ట్‌లు, వాటి కింద పక్క పలకలు, స్పోకులు, సీటు కింద సంచి, కాళ్ళు వెనక్కి జారకుండా కట్టే పిక్కల పట్టీ, వీటన్నిటికీ వేయొచ్చు. సీటు కుషన్‌కి కూడా వేయొచ్చు గానీ దాని సంగతి వేరు, కింద విడిగా రాశాను.

గుడ్డ పోకూడని చోట్లు: బ్రేకు, బ్రేకు తగిలే టైరు, చేత్తో తిప్పే రిమ్ము, ముందు చిన్న చక్రాలు, ఆర్మ్‌రెస్ట్ ఊడదీసే మీట, ఫుట్‌రెస్ట్ పక్కకి తిప్పే మీట, చక్రం ఊడదీయడానికి దాని మధ్యలో నొక్కే బటన్. ఎవరైనా మిమ్మల్ని హడావిడిగా కారెక్కించాలంటే ఈ మీటలు చేతికి వెంటనే తగలాలి. కవర్ ఎంత అందంగా ఉన్నా మీట వెతుక్కోవాల్సి వస్తే ఆ కవర్ పనికిరాదు.

తోసేవాళ్ళు పట్టుకునే వెనక పిడుల మీద జారే గుడ్డ వేయకండి. ర్యాంపు మీద పట్టు తప్పితే కుర్చీ మనిషితో సహా వెనక్కి పోతుంది.

ఏ గుడ్డ తీసుకోవాలి?

నేను ఎక్కువగా వాడేది మంగళగిరి నూలు. నేత గట్టిగా ఉంటుంది, ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. పోచంపల్లి ఇక్కత్ నూలు కూడా చాలా బాగుంటుంది, గళ్ళూ వజ్రాలూ కుర్చీ వెనక భాగం మీద చక్కగా కూర్చుంటాయి. కాకపోతే డిజైను మధ్యకి వచ్చేలా కత్తిరించాలి కాబట్టి గుడ్డ కాస్త ఎక్కువ పడుతుంది. పెడనలో అచ్చు వేసే కలంకారీ నాకు ప్రాణం. కానీ మొదటి రెండు మూడు ఉతుకుల్లో రంగు దిగుతుంది. తెల్ల చొక్కా వేసుకునేవాళ్ళకి కుట్టేముందు గుడ్డని విడిగా ఉతికి, తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. రంగు అంటితే ఇంకోసారి ఉతకండి.

నూలు ఏదైనా కత్తిరించకముందే ఒకసారి తడిపి, ఆరేసి, ఇస్త్రీ చేయాలి. నూలు ముడుచుకుపోతుంది. కొలత సరిగ్గా తీసి కుట్టిన కవర్ మొదటి ఉతుకుకే ఎక్కకుండా పోతే ఆ బాధ చెప్పలేం.

పట్టు, శాటిన్ వెనక భాగానికి సరే. సీటుకి వద్దే వద్దు, మనిషి ముందుకి జారతారు. జీన్స్ గుడ్డ ఆర్మ్‌రెస్ట్‌లకి బాగుంటుంది, త్వరగా అరిగిపోదు. ఊలు, వెల్వెట్ మన వాతావరణానికి పనికిరావు.

ఇంట్లో పాత చీరలుంటే కొత్త గుడ్డ కొనకండి. మన అమ్మమ్మలు చిరిగిన చీరలన్నీ కలిపి బొంతలు కుట్టేవాళ్ళు కదా, ఆ అతుకుల పని కుర్చీకి చాలా నప్పుతుంది. నా దగ్గర ఒక వెనక కవర్ ఉంది, అందులో అమ్మమ్మ, అమ్మ, పిన్ని, వదిన, నలుగురి చీర ముక్కలూ ఉన్నాయి. అతుకులు వీపుకి ఒత్తుకోకుండా వాటిని వెనక్కి వచ్చే సగంలోనే పెట్టాను, ముందు సగం ఒకే నునుపు గుడ్డ.

వెనక భాగానికి కవర్ కొలతలు, కుట్టే పద్ధతి చెబుతారా?

మొదటిసారి కుట్టేవాళ్ళు దీంతోనే మొదలుపెట్టండి. అన్నీ నేరు కుట్లే.

వెనక భాగానికి పైన రెండు వైపులా తోసే పిడులు వెనక్కి పొడుచుకుని ఉంటాయి. అందుకే సోఫాకి వేసినట్టు గలీబు లాంటి సంచి దీనికి దిగదు. నేను చేసేది ఒకే పొడుగు గుడ్డ. ముందు కింద నుంచి పైకి వెళ్ళి, పిడుల మధ్యగా దాటి, వెనక కిందికి దిగుతుంది. టవల్ ఆరేసినట్టు. పక్కల్లో పట్టీలతో కట్టేస్తాం.

టేపుతో రెండు కొలతలు చాలు. ఒకటి, వెనక భాగం ఎత్తు. రెండు, పిడుల మధ్య ఖాళీ. ఉదాహరణకి ఎత్తు 16 అంగుళాలు, పిడుల మధ్య 16 అంగుళాలు అనుకుందాం. గుడ్డ పొడవు రెండు ఎత్తులు కలిపి 32, పైన మందానికి 1, రెండు చివర్ల మడతకి 2, మొత్తం 35 అంగుళాలు. వెడల్పు 16కి పక్క మడతలకి 1 కలిపితే 17 అంగుళాలు. ఒక మీటరు గుడ్డలో ఇది వచ్చేస్తుంది. 44 అంగుళాల పన్నా అయితే పక్కన మిగిలిన ముక్కలో రెండు ఆర్మ్‌రెస్ట్‌లు కూడా వస్తాయి.

నాలుగు అంచులూ మడిచి కుట్టండి. పక్కకి మూడేసి చొప్పున ఆరు పట్టీలు తయారు చేయండి, ఒక్కోటి అంగుళం వెడల్పు. పట్టీ ఒక చివర ముందు గుడ్డ అంచుకి కుట్టేసి, రెండో చివర వెల్క్రో పెట్టండి. దాని జత ముక్క వెనక గుడ్డ లోపలి వైపు ఉండాలి. పట్టీ కుర్చీ నిలువు గొట్టం చుట్టూ తిరిగి వెనక అతుక్కుంటుంది. పట్టీ పొడవు ఊహించి కత్తిరించకండి. కచ్చా కుట్టు వేసి, కుర్చీకి తొడిగి చూసి, అప్పుడు మిషన్ మీద కుట్టండి. వెల్క్రోలో గరుకు ముక్క ఎప్పుడూ ఒంటికి దూరంగా ఉన్న వైపే రావాలి. స్పర్శ లేని వీపుకి గీసుకున్నా తెలియదు.

మామూలు నూలుకి 14 నంబరు సూది, జీన్స్‌కి 16 వాడండి. దారం పాలిస్టర్‌ది తీసుకోండి. నూలు దారం చెమటకి, రోజూ పడే లాగుడికి త్వరగా తెగుతుంది.

సీటు కుషన్‌కి అందమైన కవర్ కుట్టొచ్చా?

ఇది అన్నిటికంటే జాగ్రత్తగా చదవండి.

నేను నేర్చుకునే రోజుల్లో సీటు కవర్ మధ్యలో ఒక తామరపువ్వు కుట్టాను. కాడ కుట్టు, గట్టి దారం. కుర్చీలో అది చాలా అందంగా ఉండేది. నాకు నడుము కింద స్పర్శ లేదు. నాలుగు రోజుల తర్వాత అమ్మ స్నానం చేయిస్తూ పిర్ర ఎముక దగ్గర ఒక మచ్చ చూసింది. ఆ పువ్వు రేకు ఆకారంలోనే ఉంది. అది పుండుగా మారింది. ఆరు వారాలు బోర్లా పడుకున్నాను, కుర్చీ ఎక్కలేదు. ఆ తర్వాత నేను సీటు మీద ఒక్క పువ్వు కూడా కుట్టలేదు, ఎవరికీ కుట్టి ఇవ్వలేదు.

కూర్చున్నప్పుడు ఒంటి బరువులో ఎక్కువ భాగం పిర్రల కిందున్న రెండు ఎముకల మీద పడుతుంది. అక్కడ చర్మానికి రక్తం ఆడకపోతే పుండు పడుతుంది. స్పర్శ ఉన్నవాళ్ళు నొప్పి పుట్టగానే కదులుతారు. మాకు ఆ కబురు అందదు. కాబట్టి కూర్చునే చోట ఎంబ్రాయిడరీ, అద్దం, బటన్, జిప్పు, పైపింగ్, అతుకు ఏదీ ఉండకూడదు. అతుకులన్నీ పక్క గోడల మీదికి పోవాలి. జిప్పు వెనక వైపు ఉండాలి.

బిగుతు కూడా ప్రమాదమే. ఫోమ్, జెల్, గాలి కుషన్ ఏదైనా మన ఒంటి ఆకారానికి లోపలికి దిగాలి. అప్పుడే బరువు అంతటా పంచుకుంటుంది. పైన సాగని గుడ్డని డప్పు మీద చర్మంలా బిగించి కుడితే మనిషి కుషన్‌లోకి దిగడు, ఆ గుడ్డ మీదే వేలాడతాడు. వేలకు వేలు పోసి కుషన్ కొన్నా దాని లాభం పోతుంది. అందుకే పై ముక్కకి రెండు వైపులా సాగే గుడ్డే వాడాలి. టీషర్టు గుడ్డ కంటే కాస్త మందంగా ఉండే రకం షాపులో అడగండి. అందం అంతా పక్క గోడల మీద చూపించండి. రెండు మూడు అంగుళాల ఎత్తు ఉంటుంది, కలంకారీ పట్టీ వేస్తే కుర్చీ పక్క నుంచి చూసేవాళ్ళకి అదే కనిపిస్తుంది.

కుషన్‌తో పాటు వచ్చిన అసలు కవర్ పారేయకండి. దాని కింది భాగం జారకుండా గరుకుగా ఉంటుంది, కొన్నిటికి వెల్క్రో ఉంటుంది. మీ కవర్‌కి కూడా అదే ఏర్పాటు ఉండాలి. కుషన్‌కి ముందు, వెనక తేడా ఉంటుంది, కవర్ మీద వెనక వైపు ఒక చిన్న ట్యాగు కుట్టుకుంటే తొడిగేవాళ్ళు తిరగేసి పెట్టరు.

కొత్త కవర్ వేసిన రోజు గంటసేపు కూర్చుని దిగి, అద్దం పట్టుకుని చర్మం చూసుకోండి, లేదా ఇంట్లోవాళ్ళని చూడమనండి. ఎర్రదనం అరగంటలో పోకపోతే ఆ కవర్ తీసేయండి. మన చాయలో ఎర్రదనం సరిగా కనిపించకపోవచ్చు. చేత్తో తాకితే పక్క చర్మం కంటే వేడిగా, గట్టిగా ఉందా అని చూడాలి. ఇదివరకే పుండు ఉన్నవాళ్ళు డాక్టరునో ఫిజియోథెరపిస్టునో అడక్కుండా సీటు కవర్ మార్చకండి. కవర్ ఏదైనా పావుగంట, అరగంటకోసారి చేతులతో లేచో, ముందుకి వంగో బరువు మార్చుకోవడం మానకూడదు.

చక్రాలకి ఎలా?

పెళ్ళికో పండక్కో కుర్చీ మెరిసిపోవాలంటే చక్రాలే సరైన చోటు. తిరుగుతుంటే ముగ్గు కదిలినట్టు ఉంటుంది.

వెనక పెద్ద చక్రం సాధారణంగా 24 అంగుళాలు. కవర్ మాత్రం టైరు దాకా రాకూడదు, చేత్తో తిప్పే రిమ్ము కంటే లోపలే ఆగాలి. ఒక న్యూస్‌పేపర్ చక్రం మీద పెట్టి, రిమ్ముకి అంగుళం లోపలగా గుండ్రం గీసి కత్తిరించుకోండి. 20 అంగుళాల గుండ్రం వచ్చిందనుకుంటే, 44 అంగుళాల పన్నాలో రెండు గుండ్రాలూ పక్కపక్కన పడతాయి. 22 అంగుళాల పొడవు గుడ్డ చాలు. లోపల అంతే పల్చటి కాన్వాస్ వేయండి, లేకపోతే గుడ్డ స్పోకుల మధ్యకి కుంగిపోతుంది. అంచుకి ఐమూలగా కత్తిరించిన పట్టీ వేయాలి, నేరు పట్టీ గుండ్రానికి తిరగదు. 20 అంగుళాల గుండ్రం చుట్టూ దాదాపు 63 అంగుళాలు వస్తుంది, అతుకుకి కలిపి 65 పెట్టుకోండి.

మధ్యలో ఇరుసు బయటికి వచ్చేంత రంధ్రం వదలండి. వెనక ఎనిమిది చోట్ల పొట్టి వెల్క్రో పట్టీలు కుట్టి స్పోకులకి చుట్టండి. పట్టీ చివర ఒక్క అంగుళం కూడా వేలాడకూడదు. నాడాలు కట్టకండి, ఊడితే చక్రానికి చుట్టుకుంటాయి. గాలి టైరు అయితే గాలి కొట్టే మూతి అందుతోందో లేదో చూసుకోండి. తొడిగాక ఖాళీ కుర్చీని ఎత్తిపట్టి చక్రాన్ని ఇరవై సార్లు తిప్పండి, బ్రేకు వేసి తీసి చూడండి. ఎక్కడైనా రాసుకుంటున్న చప్పుడు వస్తే సరిచేశాకే ఎక్కాలి.

గాలి గట్టిగా వీచే చోట, ఉదాహరణకి విశాఖ బీచ్ రోడ్డులో సాయంత్రం పూట, నిండు గుడ్డ చక్రం తెరచాపలాగా గాలి పట్టుకుంటుంది, కుర్చీ పక్కకి లాగుతుంది. అలాంటి చోటికి తీసేసి వెళ్ళండి.

అద్దాల పని, జర్దోసీ, లంబాడీ కుట్టు వేసుకోవచ్చా?

వెనక భాగానికి బయటి వైపు నిరభ్యంతరంగా. అక్కడ ఒళ్ళు తగలదు, ఏదీ కదలదు. ఆ వైపు నేను చూడలేను, నిజమే. కానీ లైన్లో నా వెనక నిలబడేవాళ్ళు, ర్యాంపు ఎక్కిస్తూ తోసే మా వదిన దాన్నే చూస్తారు.

ఆర్మ్‌రెస్ట్ మీద వద్దు, మోచేతులు గీసుకుంటాయి. పక్క పలకల బయటి వైపు చక్రం చాలా దగ్గరగా తిరుగుతుంది. అక్కడ అచ్చు గుడ్డ సరే, ఉబ్బెత్తు పని ఏదీ వద్దు. గవ్వలు, గజ్జెలు, కుచ్చులు వేలాడే రకం అయితే చక్రానికి జానెడు దూరం దాటి ఉండాలి. ముందు చిన్న చక్రాల ఇరుసులోకి దారం పోగులు, వెంట్రుకలు చేరిపోతాయని ఈ కుర్చీ వాడేవాళ్ళందరికీ తెలుసు. కుట్టాక ప్రతి దారం కొసా కత్తిరించండి.

కుర్చీ వెనక సంచి కుడతారా?

సంచి కుడతాను, కానీ వెనక పిడులకి తగిలించేది కుట్టను. వెనక బరువు పడితే కుర్చీ వెనక్కి వాలుతుంది. చదును నేల మీద తెలియదు. ర్యాంపు ఎక్కేటప్పుడు, బరువు తక్కువ ఉన్న మనిషి వెనక్కి కాస్త వాలినప్పుడు కుర్చీ వెనక్కి పడిపోతుంది. నీళ్ళ సీసా, టిఫిను, ఫైళ్ళు అన్నీ కలిస్తే నాలుగైదు కిలోలు ఇట్టే అవుతాయి.

సీటు కింద ముందు వైపు గొట్టాలకి కట్టే పల్చటి సంచి మేలు. మడత కుర్చీ అయితే అడుగున కత్తెరలా తెరుచుకునే కడ్డీలుంటాయి, సంచి వాటిలో ఇరుక్కోకూడదు. ఫోన్‌కి, మందులకి ఆర్మ్‌రెస్ట్ లోపలి వైపు ఒక జేబు కుట్టుకోండి. యూరిన్ బ్యాగు ఉన్నవాళ్ళకి దాన్ని కప్పే గుడ్డ సంచి కుట్టి ఇస్తుంటాను. అడగడానికి చాలామంది మొహమాటపడతారు, పడొద్దు. ట్యూబు ఎక్కడా మెలిపడకుండా పైన చీలిక వదలాలి, కింద మూత తిప్పడానికి తెరిచి ఉండాలి, బ్యాగు ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే వేలాడాలి.

కవర్ వేస్తే కుర్చీ మడత పడుతుందా?

పడాలి. 1930లలో అమెరికాలో హెర్బర్ట్ ఎవరెస్ట్ అనే మైనింగ్ ఇంజినీరు, హ్యారీ జెన్నింగ్స్ అనే ఆయన స్నేహితుడు కలిసి ఇప్పుడు మనం వాడే మడత కుర్చీకి రూపం ఇచ్చారు. ఎవరెస్ట్‌కి గని ప్రమాదంలో నడుము దెబ్బతింది, కారులో పెట్టుకోగల కుర్చీ ఆయనకి కావాలి. సీటు, వెనక భాగం చెక్కతో కాకుండా వేలాడే గుడ్డతో, రెక్సిన్‌తో ఉండటానికి కారణం ఆ మడతే. మనం పైన వేసే గుడ్డ కూడా అలాగే ముడుచుకోవాలి. లోపల అట్ట, ప్లాస్టిక్ పలక పెట్టి బిగించకండి. వెనక కవర్ కింది చివర కడ్డీల దాకా వేలాడితే మడిచేటప్పుడు నలుగుతుంది, సీటు మట్టానికే ఆపేయండి.

ప్రభుత్వం ఇచ్చిన కుర్చీకి, అద్దె కుర్చీకి వేయొచ్చా?

వేయొచ్చు, రంధ్రాలు పెట్టకుండా, గమ్ము పూయకుండా. పట్టీలతో కట్టింది ఎప్పుడైనా ఊడదీసుకోవచ్చు. వికలాంగులకి పరికరాలు ఇచ్చే కేంద్రం ఆదిప్ పథకం కింద క్యాంపుల్లో ఇచ్చేవి చాలావరకు కాన్పూరులోని ప్రభుత్వ సంస్థ అలిమ్కో కుర్చీలు. ఒకే క్యాంపులో తీసుకున్నవి అన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి కార్యక్రమాల్లో మారిపోతాయి. మీ గుడ్డ ఉంటే ఆ టెన్షన్ ఉండదు.

నా కాళ్ళు పనిచేయవు. మిషన్ ఎలా తొక్కను?

నేనూ తొక్కను. మామూలు మిషన్‌కి మోటారు పెట్టించుకున్నాను. కాలితో నొక్కే పెడల్‌ని బల్ల మీద ఎడమ వైపు పెట్టి మోచేత్తో నొక్కుతాను. రెండు చేతులూ గుడ్డ మీదే ఉంటాయి. అలవాటు కావడానికి నాకు మూడు వారాలు పట్టింది, మొదట్లో వేగం అదుపులోకి రాలేదు. పెడల్ జారకుండా కింద రబ్బరు ముక్క అంటించాను. ఇంకో దారి పాతకాలపు చేతి మిషన్, కుడిచేత్తో తిప్పేది. నేరు కుట్లకి అది చాలు, కరెంటు కూడా అక్కర్లేదు.

కుర్చీ బల్ల కిందికి వెళ్ళాలంటే కింద తొక్కుడు పలక ఉండకూడదు. మా వడ్రంగి నాకు కాళ్ళు మాత్రమే ఉన్న బల్ల చేసిచ్చాడు. సూదులు, గుండుసూదులు అయస్కాంతం ఉన్న డబ్బాలో పెట్టుకోండి. ఒళ్ళో పడిన సూది గుచ్చుకున్నా మనకి తెలియదు. పని అయ్యాక ఒడి, కుషన్ దులుపుకుని, చేత్తో తడిమి చూసుకోండి. ఇస్త్రీ పెట్టె ఒళ్ళో ఎప్పుడూ పెట్టుకోకండి.

చీర కొంగు చక్రంలో పడుతోంది. కవర్‌తో ఆపొచ్చా?

కొంతవరకు. పక్క పలక పైన గొట్టం దాకా గుడ్డ వేసి ఖాళీ మూసేస్తే కుచ్చిళ్ళు, చున్నీ చక్రం వైపు పోవు. స్పోకులకి కవర్ ఉంటే అదీ అడ్డే. అయినా కొంగు నడుముకి దోపుకోవాలి, చున్నీ రెండు వైపులా పిన్ను పెట్టుకోవాలి. మెడ చుట్టూ చున్నీ వేసుకుని కొసలు వదిలేసి కుర్చీ ఎక్కడం చాలా ప్రమాదం.

పెళ్ళికి ఎలా చేస్తే బాగుంటుంది?

మా పెదనాన్న కూతురి పెళ్ళికి చేసింది చెబుతాను. తనకి పోలియో, పీటల మీద కూర్చోలేదు, కుర్చీలోనే తాళి కట్టించుకుంది. మధుపర్కాలు కొన్నప్పుడే అదే తెల్ల నూలు, ఎర్ర అంచు గుడ్డ ఒకటిన్నర మీటరు అదనంగా తీసుకున్నాం. వెనక భాగానికి, ఆర్మ్‌రెస్ట్‌లకి ఆ గుడ్డ వేశాం. ఫోటోల్లో చీర ఎక్కడ ఆగి కుర్చీ ఎక్కడ మొదలైందో తెలియదు. తను ఆ కవర్‌ని ఇప్పటికీ పెళ్ళి చీరతో పాటే దాచుకుంది.

పూలదండలు కడితే వెనక పైన మాత్రమే కట్టండి, కింద కడితే దారం చక్రాల్లోకి పోతుంది. హోమం దగ్గర సింథటిక్ గుడ్డ వద్దు, నూలే వేయండి. దీపావళికీ అంతే. దసరాకి మా ఇంట్లో బళ్ళతో పాటు నా కుర్చీకీ పసుపు కుంకుమ పెడతారు. ఆ రోజు కవర్ తీసేస్తాను, పసుపు మరక తెల్ల గుడ్డ నుంచి ఒక పట్టాన పోదు.

పవర్ వీల్‌చైర్‌కి ఏమైనా తేడా ఉందా?

మోటారు కుర్చీని నడిపే జాయ్‌స్టిక్ చుట్టూ నాలుగు వేళ్ళ దూరం వరకు గుడ్డ వద్దు, మడత దాని మీద పడితే కుర్చీ తనంతట తనే కదులుతుంది. మోటార్లు, బ్యాటరీ పెట్టె, ఛార్జింగ్ పెట్టే చోటు కప్పకండి, వేడి బయటికి పోవాలి. సీటు వాల్చే రకం అయితే పూర్తిగా వాల్చి, పూర్తిగా లేపి, రెండుసార్లూ గుడ్డ ఎక్కడా చిక్కుకోవడం లేదని చూశాకే వాడండి.

ఉతకడం ఎలా? ఎన్ని కవర్లు ఉండాలి?

కనీసం రెండు జతలు. వేసవిలో వారానికి రెండుసార్లు మారుస్తాను. ఉతికేముందు వెల్క్రోలన్నీ మూసేయండి, లేకపోతే మిగతా బట్టల దారాలు లాగేస్తుంది, దానికి దూది పట్టి అతుక్కోవడం మానేస్తుంది. పట్టినప్పుడు పాత టూత్‌బ్రష్‌తో గీకండి. వానాకాలంలో కాస్త చెమ్మగా ఉన్నా తొడిగేయకండి. తడి చర్మం త్వరగా ఒరుసుకుపోతుంది, ముఖ్యంగా సీటు దగ్గర.

నాకు కుట్టు రాదు. మా ఊరి టైలరుకి ఇస్తే కుడతారా?

కుడతారు. జాకెట్టు కుట్టగలిగినవాళ్ళకి ఇది తేలిక. కాకపోతే కుర్చీ వాళ్ళకి కొత్త కాబట్టి కొలతలు కాగితం మీద పంపకుండా కుర్చీనే చూపించండి. మూడు మాటలు ముందే చెప్పండి: సీటు మీద అతుకు వద్దు, వేలాడే నాడా వద్దు, బ్రేకు మీదికి గుడ్డ రావద్దు. పాత కవర్ ఉంటే దాన్ని నమూనాగా ఇవ్వండి.

మా బజారులో నేను గుడ్డ ఇచ్చే టైలరు దుకాణానికి నాలుగు మెట్లున్నాయి. మొదటిసారి వెళ్ళినప్పుడు కిందే ఆగి పిలిచాను. ఆయన మెడలో టేపుతోనే దిగి వచ్చి, "కొలవనా అమ్మా?" అని నన్ను అడిగి, రోడ్డు మీదే మోకాళ్ళ మీద కూర్చుని చక్రం కొలిచాడు. ఇప్పటికీ అలాగే దిగి వస్తాడు.